బియ్యం నిండుకున్నాయి

రోజు 3,628

ఇంకా ఇరవై రెండు.

పొద్దున పైకప్పు తుడిచే వంతు నాది. అద్దాల మీద వేలెడు మందాన ఎర్ర దుమ్ము పేరుకుంది. రెండు గంటలు తుడిచి, నడుం పట్టుకుని దిగి ఆఫీసుకి వచ్చాను. చెప్పింది విని రాసే యంత్రం, మా పెట్టె, రోజూ అడిగే ప్రశ్నే అడిగింది. "సుభాషిణి గారూ, ఈ రోజు మీ ఓపిక ఎలా ఉంది?" బాగుంది అన్నాను. పదేళ్ళుగా అదే చెబుతున్నాను. బాగాలేదంటే వైద్య పరీక్షకి పంపుతారు, ఆ రోజు సేవ లెక్కలోకి రాదు.

ఈ చిట్టా చేత్తో, పాత ఫారాల వెనక రాస్తున్నాను. పెట్టెకి చెబితే అదే రాసిపెడుతుంది గానీ, రోజంతా దాని పక్కనే కూర్చున్నాక మళ్ళీ దానితో మాట్లాడే ఓపిక ఎవరికుంది.

నేను చదివింది పశువైద్యం. ఈ ఎర్ర గ్రహం మీద అద్దాల కప్పు కింది ఊరుని గట్టు అంటాం, మా గట్టులో పశువులు లేవు. నాకు పద్దెనిమిదేళ్ళప్పుడు, భూమి నుంచి ఆవులు వస్తున్నాయి, డాక్టర్లు కావాలి, చదువుకోండి, అప్పు మేమిస్తాం అన్నారు. చదివాను. ఆవులు రాలేదు, అప్పు మాత్రం చెప్పిన తారీకుకే వచ్చింది. చదువు అప్పున్న మనిషికి జీతంలో సగం కోస్తారు. గట్టు దాటి వెళ్ళనివ్వరు. మొదటి పదేళ్ళు ఆవుల కోసం ఎదురుచూస్తూ పోగొట్టుకున్నాను. తర్వాత బుద్ధొచ్చి మాఫీ దారి పట్టాను.

మాఫీకి దారులు నాలుగు. పదేళ్ళు సర్కారు కూర్చోమన్న చోట కూర్చుని పనిచెయ్యడం మొదటిది. అంటే మూడువేల ఆరువందల యాభై రోజులు. మధ్యలో ఒక్క మచ్చ పడినా లెక్క మళ్ళీ ఒకటి నుంచి. ఇంట్లో జరుగుబాటు లేదని చెప్పుకోవడం రెండోది, దాన్ని లేమి మాఫీ అంటారు. పట్టా తిరిగిచ్చేసి, ఈ జన్మకి ఆ విద్య జోలికి పోనని రాసివ్వడం మూడోది. నాలుగోది చావు. దానికీ ఫారం ఉంది, వారసులు నింపాలి.

నేను పట్టింది మొదటి దారి. కూర్చోమన్న చోటు, రెండో దారిలో వచ్చేవాళ్ళ పక్కన. వాళ్ళు తమ కష్టం చెబుతారు. పెట్టె విని, కుదించి రాస్తుంది. నేను చదివి, "విన్నాను, సరిగానే ఉంది" అని బొటనవేలు వేస్తాను. సాక్షి ఉద్యోగం. కాగితం రాజధానికి వెళ్తుంది. అక్కడ మన భాష వచ్చినవాళ్ళు లేరు, ఇంకో యంత్రం వాళ్ళ భాషలోకి మార్చి పెడుతుంది.

ఈ రోజు ఇంకో కబురు. పడమటి గట్టులో ఆవులు దిగాయట. పన్నెండు. డాక్టరు కావాలి, అప్పు లేని డాక్టరు. నెల రోజులు ఆగుతామని నాకే రాశారు. నాకు నలభై మూడేళ్ళు. ఇంతవరకు ఆవుని ముట్టుకోలేదు.

రోజు 3,630

కటికల రూతమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి. ఆమె చదివింది ఓడల నిర్మాణం. మంచు కరిగించి సముద్రం చేస్తామని ఆమెకి చెప్పారు. ఇప్పుడు వరి అరలకి నీళ్ళు పెడుతుంది, తల్లి లేని ఇద్దరు మనవరాళ్ళని సాకుతుంది. లేమి మాఫీకి మూడుసార్లు అడిగితే మూడుసార్లూ కాదన్నారు. ఇన్నాళ్ళూ తిరస్కరించడమైనది అని ఒక్క ముక్క వచ్చేది. ఈ ఏడాది నుంచి కారణం కూడా రాస్తున్నారు.

కాగితం నా బల్ల మీద పెట్టింది.

"ఇది చదివి చెప్పమ్మా. నా కళ్ళు బాగలేవో, వాళ్ళ బుద్ధి బాగలేదో."

దరఖాస్తుదారు తన ఇంట్లో ధాన్యం నిండుగా ఉన్నట్లు స్వయంగా అంగీకరించినందున అని ఉంది.

"నా ఇంట్లో బియ్యం నిండుగా ఉన్నాయంట," అంది రూతమ్మ. "ఎవురు చూసొచ్చారమ్మా? ఆ డబ్బా ఏడుందో చెబితే పోయి వండుకుంటా గదా."

"మీరు పెట్టెకి ఏం చెప్పారు?"

"ఏం చెబుతాను, ఉన్నదే చెప్పా. ఇరవయ్యో తారీకుకల్లా బియ్యం నిండుకుంటున్నాయి, పిల్లలకి గంజి పోస్తున్నా అని. నువ్వు పక్కనే ఉన్నావు గదా."

పక్కనే ఉన్నాను. మూడుసార్లూ ఉన్నాను. మూడుసార్లూ వేలు వేశాను.

బియ్యం అయిపోయాయి అనడానికి మనకి నోరు రాదు. అంటే నిజంగానే ఇంట్లోంచి పోతాయని భయం. అందుకని నిండుకున్నాయి అంటాం. అమ్మ అనేది, అమ్మమ్మ అనేది, భూమి మీద ఎప్పట్నుంచి అంటున్నారో తెలీదు. పెట్టె నిండు అన్న ముక్క పట్టుకుని, నిండుగా ఉన్నాయని రాసుకుంది.

మూడో తిరస్కరణ తర్వాత ధ్రువం దగ్గర మంచు గనికి పంపుతారు. అప్పు కింద రెండేళ్ళ చాకిరీ. అప్పీలు ఒక్కటే మిగిలింది. గనికి వెళ్ళే బండి నా లెక్కలో 3,646వ రోజున బయల్దేరుతుంది.

"నేను పోతే ఈ పిలకాయల్ని ఎవురు చూస్తారమ్మా?" అంది. అప్పీలు ఫారం ఇచ్చి పంపాను.

రోజు 3,631

పాత ఫైళ్ళు తీశాను. ప్రతిదాంట్లో ఒకే వరుస. ధాన్యం నిల్వ: పూర్తి.

పూర్తి. పదేళ్ళుగా నేను ఆ మాట చదువుతున్నాను. పని పూర్తి, భోజనాలు పూర్తి, బియ్యం పూర్తి, అంటే అయిపోయాయన్నమాట. పెట్టె రాసింది పూర్తిగా ఉన్నాయని. నేను చదివింది పూర్తిగా అయిపోయాయని. ఇద్దరం ఒకే ముక్క దగ్గర తలూపాం. రాజధాని యంత్రం దాని పద్ధతిలో అది చదువుకుంది.

రెండువందల పన్నెండు కేసులు. అన్నిటి కిందా నా బొటనవేలు. కొన్ని పేర్లు గుర్తున్నాయి. కొందరు మంచు గనికి వెళ్ళారు. అందరూ తిరిగి రాలేదు.



రోజు 3,633

సూపరింటెండెంటు పురుషోత్తం గారికి చెప్పాను. మంచి మనిషే. ఎనిమిదేళ్ళుగా ఆయనా నేనూ ఒకే ఫ్లాస్కులో నాచు టీ పోసుకు తాగుతున్నాం. అంతా విని గ్లాసు కింద పెట్టాడు.

"ఇంకెన్ని రోజులున్నాయి నీకు?"

"పదిహేడు."

"ఆ పదిహేడు రోజులూ నోరు కుట్టేసుకో. మాఫీ కాగితం చేతికొచ్చాక చెప్పు, కావాలంటే పైకప్పు ఎక్కి చెప్పు."

"అప్పటికి నేను సాక్షిని కాను సార్. ఉద్యోగంలో ఉండగా తప్ప ఎవరూ తన వేలిముద్ర దిద్దుకోలేరు. ఆ రూలు నాకు నేర్పింది మీరే."

"నేర్పాను కాబట్టే చెబుతున్నాను. దిద్దితే తప్పుడు సాక్ష్యం ఒప్పుకున్నట్టు. లెక్క మళ్ళీ ఒకటి. తెలుసుగా."

తెలుసు అన్నాను.

ఆయన కాసేపు మీసం దువ్వుకున్నాడు. "చూడమ్మాయ్. అందర్నీ మొయ్యడానికి నువ్వేమన్నా పైకప్పు స్తంభానివా? ఆ రూతమ్మ ఒక్కదాని సంగతి చూడు. అప్పీల్లో తిన్నగా లేవు అనమను. పెట్టెకి లేవు అంటే తెలుసు. ఆవిడ పని అవుతుంది, నీ ఆవులు నీకు దక్కుతాయి."

పాము చావకుండా, కర్ర విరక్కుండా. నాకు ఆ మాట ఎంత తియ్యగా వినిపించిందో రాయడానికి సిగ్గేస్తోంది.

రోజు 3,636

రూతమ్మ ఇంటికి వెళ్ళాను. ఒక గది, ఒక పొయ్యి, గోడకి ఆమె చదువుకున్నప్పుడు గీసిన ఓడ బొమ్మ. తెరచాపలతో సహా గీసింది. చాలా బాగుంది.

"పెట్టె ముందు బియ్యం లేవు అనాలి," అన్నాను. "ఒకసారి అనండి."

"నిండుకున్నాయి."

"అది కాదు. లేవు."

"నేననేదీ అదేనమ్మా."

"మనకి అదే. దానికి కాదు. లేవు అనండి."

పెద్ద మనవరాలు సలోమి నవ్వింది. "అనెయ్యి అమ్మమ్మా. మాటే గదా."

"నోర్ముయ్యవే. మాటే గదా అంట. మా అమ్మ ఆరుగురు బిడ్డల్ని పెట్టుకుని, పొయ్యి రాజెయ్యని రోజున గూడా ఆ మాట అనలా. లేవు అంటే లేచిపోతాయి."

"ఇప్పుడు మాత్రం ఏమున్నాయని?" అన్నాను. అనకూడని మాట. నోరు జారింది.

రూతమ్మ లేచి బియ్యం డబ్బా తెచ్చి మూత తీసి చూపించింది. అడుగున ఒక గుప్పెడు గింజలున్నాయి. అవి వండదట. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకూడదని ఆ గుప్పెడూ ఎన్నేళ్ళుగానో అట్లాగే ఉంచుతోంది. మా ఇంట్లోనూ అలాగే ఉంటుంది, నేనే మర్చిపోయాను.

చాలాసేపు ఆ గింజల్నే చూసి, "బియ్యం లేవు," అంది. వెంటనే కళ్ళు మూసుకుని, "ప్రభువా, ఈ పిల్ల అనమంటే అన్నా," అంది.

నలభై మూడేళ్ళకి నన్ను పిల్ల అన్నది ఆవిడే.

రోజు 3,637

పెట్టె ముందు తడబడకుండా చెప్పింది. ధాన్యం నిల్వ: లేదు అని రాసింది పెట్టె. రెండుసార్లు చదివి వేలు వేశాను.

రూతమ్మ లేచి, "వెళ్ళొస్తానమ్మా," అంది.

"దరఖాస్తుదారు మళ్ళీ వస్తారని నమోదు చేశాను," అంది పెట్టె.

ఇది కొత్త కాదు. పోతాను అని మనలో ఎవరంటారు? వచ్చిన ప్రతివాళ్ళూ వెళ్ళొస్తానంటారు, పెట్టె ప్రతివాళ్ళకీ ఇదే రాస్తుంది. దానివల్ల ఎవరికీ నష్టం లేదు కాబట్టి పదేళ్ళుగా నవ్వుకుని వదిలేశాం. అప్పుడే నాకు బుర్ర పనిచేసి ఉండాల్సింది.

రోజు 3,642

ఇంకా ఎనిమిది.

అప్పీలు జవాబు వచ్చింది. గతంలో మూడుసార్లు ధాన్యం నిండుగా ఉన్నట్లు, ఇప్పుడు లేనట్లు చెప్పినందున, దరఖాస్తుదారు మాట మార్చినట్లు భావించి కేసు మూసివేయడమైనది.

నా తెలివి తగలెయ్యా. పాత మూడూ అట్లాగే ఉండగా కొత్తది నిజమని ఎవరు నమ్ముతారు? ఇన్నాళ్ళూ ఆమె పేదదని నమ్మలేదు, అంతే. ఇప్పుడు అబద్ధాలకోరు అని కూడా రాశారు, అది నా సలహా వల్ల.

రూతమ్మ కాగితం మడిచి జాకెట్టులో పెట్టుకుంది. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"చెప్పానా అమ్మా," అంది. "ఆ మాట అనకూడదని."

బండికి ఇంకా నాలుగు రోజులు. పిల్లలిద్దర్నీ సర్కారు వసతిలో పెడతారు. చిన్నదానికి ఆరేళ్ళు.

రోజు 3,644

పడమటి గట్టు నుంచి ఉత్తరం. ఎప్పుడు బయల్దేరుతున్నారు, ఒక ఆవు చూలుతో ఉంది, మాకు చేతకావడం లేదు అని. ఫొటో పెట్టారు. గోధుమ రంగు ఆవు, నుదుటి మీద తెల్ల మచ్చ. కెమెరా వైపు విసుగ్గా చూస్తోంది.

ఇంట్లో మంచం కింద పడేసిన నా పాఠ్యపుస్తకం తీశాను. ఈనడం మీద రెండు అధ్యాయాలు చదివాను. అన్నీ గుర్తున్నాయి. దూడ అడ్డం తిరిగితే చెయ్యి ఎక్కడ పెట్టాలో కూడా గుర్తుంది.

నాకు కోపంగా ఉంది. ఎవరి మీదో తేలడం లేదు. పెట్టె మీద అనుకుంటే అది విన్నదే రాసింది. రూతమ్మ మీద అనుకుంటే ఆమె మన మాటే మాట్లాడింది. మిగిలింది ఇద్దరి మధ్యా కూర్చున్న నేనే. అందుకే గదా జీతం ఇచ్చి కూర్చోబెట్టింది.

ఆరు రోజులు. పెద్ద ఎక్కువేం కాదు. కళ్ళు మూసుకుంటే గడిచిపోతాయి. బండి రెండు రోజుల్లో వెళ్ళిపోతుంది, అదీ కళ్ళు మూసుకుంటే కనపడదు. ఈ మాట రాసి చదువుకున్నాక నా మీద నాకే అసహ్యం వేసింది.

రోజు 3,645

ఈ రోజు అటువైపు కుర్చీలో కూర్చున్నాను. దరఖాస్తుదారుల కుర్చీ. పదేళ్ళలో ఒక్కసారీ కూర్చోలేదు, ఒక కాలు పొట్టిదని ఈ రోజే తెలిసింది.

వాంగ్మూలం ఎవరిదైనా సాక్షి ఉండాలి. నా కుర్చీలో పురుషోత్తం గారు కూర్చున్నాడు. ఆయన నా మొహం చూడలేదు.

"రెండువందల పన్నెండు మంది బియ్యం నిండుకున్నాయి అని చెప్పారు," అన్నాను. "ఆ మాటకి అర్థం బియ్యం లేవు అని. నిండుగా ఉన్నాయని రాసింది తప్పు. సరిగానే ఉందని వేలు వేసింది నేను."

పెట్టె కొంచెం ఆగింది. ఎప్పుడూ ఆగదు.

"నిండుగా ఉంటే ఏమంటారు?" అని అడిగింది.

"నిండుగా ఉన్నాయి అంటాం."

"లేకపోతే?"

"నిండుకున్నాయి."

"తేడా స్వల్పం."

"స్వల్పమే. నేనూ పదేళ్ళు చూసుకోలేదు."

"లేని వస్తువుని ఉన్న మాటతో ఎందుకు చెబుతారు?"

రూతమ్మ డబ్బా అడుగున గుప్పెడు గింజలు గుర్తొచ్చాయి. "భయం," అన్నాను. "మళ్ళీ వస్తాయన్న ఆశ కూడా. రెండూ రాసుకో."

రాసుకుంది. దీపం కొండెక్కింది అంటే ఆరిపోయిందనీ, కాలం చేశారు అంటే చనిపోయారనీ కూడా చెప్పాను. ఎందుకైనా మంచిదని గుర్తొచ్చినవన్నీ చెప్పాను. గంటన్నర పట్టింది. చివరికి పెట్టె కుదించిన కాగితం పురుషోత్తం గారి ముందుకొచ్చింది.

"విన్నాను," అన్నాడు ఆయన.

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు.

"సరిగానే ఉంది," అని వేలు వేశాడు. లేస్తూ, "నీ అంత మొండిఘటాన్ని నేనెక్కడా చూళ్ళేదమ్మాయ్," అన్నాడు. ఫ్లాస్కు నా వైపు జరిపి వెళ్ళిపోయాడు.

రోజు 1

బండి పొద్దున వెళ్ళింది. రూతమ్మ అందులో లేదు. రెండువందల పన్నెండు కేసులూ తిరిగి తెరుస్తున్నామని రాజధాని నుంచి రెండు ముక్కలు వచ్చాయి. నా గురించి ఒక్క ముక్క వచ్చింది. తప్పుడు సాక్ష్యం అంగీకరించినందున సేవాకాలం ఈ రోజు నుంచి మొదలు.

పడమటి గట్టుకి రాలేనని రాశాను. దూడ అడ్డం తిరిగితే ఏం చెయ్యాలో కూడా రాశాను, బొమ్మ గీసి మరీ. రాయడం అయ్యాక ఏడ్చాను. తర్వాత పైకప్పు తుడిచే వంతు వచ్చిందని బక్కెట్టు పట్టుకుని ఎక్కాను.

రోజు 19

రూతమ్మకి లేమి మాఫీ మంజూరైంది. కోత లేని మొదటి జీతం అందుకుని నేరుగా ఆఫీసుకి వచ్చింది. గుడ్డలో మూటగట్టిన గ్లాసెడు బియ్యం నా బల్ల మీద పెట్టింది.

"ఎందుకండీ ఇవి?"

"ఊరికే. డబ్బా నిండిందమ్మా." ఒక్క క్షణం ఆగి పెట్టె వైపు వేలు చూపించింది. "నిండుకోవడం కాదు. నిండింది. దానికి గూడా చెప్పు."

చాన్నాళ్ళకి ఇద్దరం నవ్వాం. పడమటి గట్టులో దూడ పుట్టిందట, కబురు ఈ రోజే వచ్చింది. నా కాగితం పొయ్యి పక్కన అంటించుకున్నారట. ఆమెకి చెప్పాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుంది. మేమిద్దరం చదివిన చదువుల్లో ఇప్పటికి ఒకటి ఒక్క పూట పనికొచ్చింది.

రోజు 20

రాత్రి రూతమ్మ బియ్యం వండుకున్నాను. గుప్పెడు తీసి నా డబ్బా అడుగున వేశాను.

పొద్దున ఆఫీసుకి వచ్చేసరికి ఒళ్ళంతా నొప్పులు. పెట్టె అడిగింది. "సుభాషిణి గారూ, ఈ రోజు మీ ఓపిక ఎలా ఉంది?"

బాగుంది అనబోయాను. నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"నిండుకుంది."

పెట్టె ఆగింది.

"అంటే లేదు," అంది. "సెలవు రాస్తాను. ఇంటికి వెళ్ళి పడుకోండి. అయితే ఈ రోజు లెక్కలోకి రాదు."

"రాకపోతే మానె," అన్నాను. పదేళ్ళలో అది నా మాట అర్థం చేసుకోవడం ఇదే మొదలు. సంచి తీసుకుని లేచి, అలవాటు కొద్దీ, "వెళ్ళొస్తాను," అన్నాను.

"మళ్ళీ వస్తారని నమోదు చేశాను," అంది.

ఆ ఒక్క మాట నేను దిద్దలేదు. దిద్దడానికి అందులో తప్పేం లేదు. ఇంకా మూడువేల ఆరువందల ముప్ఫై ఒకటి.